వస్తువు నంబరు పదకొండు

మన్ననూరు రేంజి ఆఫీసు వెనక గది
వానకు కురుస్తుంటే
పాత ఫైళ్లు దింపమన్నరు.
చెదలు ముందుగాల తిన్నది సంతకాలనే.
జప్తు చేసిన గొడ్డళ్లు పిడులూడి
మూలకు కుప్పపడి ఉన్నయి.

వాటి కింద, గోనెల చుట్టి
పురికొసతో కట్టి ముద్ర వేసిన మూట.
ఒక విల్లు. రెండు బాణాలు.
అట్టముక్క మీద వెలిసిన సిరా:
"వస్తువు నం. 11. మారణాయుధం.
ముద్దాయి చిగుర్ల బయ్యన్న, రేలపెంట.
నేరం: దుప్పి వేట. సన్ 1974."

నేను గుమస్తాను.
నాకు తెలిసిన విల్లు క్యాలెండర్ల రాముడిది,
బంగారు రంగుది.
ఇది ఉత్త వెదురు బద్ద.
నడుమ చెయ్యి పట్టి పట్టి నల్లబడ్డ జాగ,
కొసలకు కత్తితో కోసిన గాట్లు,
నారి గూడ వెదురు చీలికే.
ఒక కొసనుంచి వేలాడుతున్నది,
ఎవరో ఇప్పుడే దించి
నీళ్లు తాగ పోయినట్టు.

ఒక బాణానికి రెండు ఈకలే మిగిలినయి.
మూడోది ఊడిన చోట
నరం చుట్టిన గుర్తు,
లక్క ఆరకముందు అదిమిన బొటనవేలి ముద్ర.
ఫైలుల నీలిసిరా వేలిముద్రను
పురుగులు సగం తిన్నయి.
లక్క మీదిది మాత్రం
గీతకు గీత ఉన్నది.

టార్చి పట్టిన వాచర్ గురవయ్య
ముట్టలే.
"నిలవెట్టి సూడు సారూ, నాకు ఏడికొస్తదో."
నిలబెట్టిన. నడుము దాటలే.
"పెద్దోని విల్లు మనిషంత ఉంటది.
ఇది ఎనిమిదేండ్ల పోరనికి చేసింది."

బాణం కొస మీదికి వెలుగు జరిపిండు.
అలుగు లేదు.
రేగుపండంత చెక్క మొద్దు.
"దీనితోని దుప్పి సస్తదా?
తొండకు తగిల్తే దులుపుకొని ఉరుకుతది.
మారేడు కాయలు రాలగొట్టేటోణ్ణి."

కొట్టేటోణ్ణి, అన్నడు.
కురిసే చుక్కల చప్పుడుల
ఆ మాట
కొంచెంసేపటికి గాని నాకు అందలే.

"మా నాయిన మూడు నెలలు పాలమూరు జైల్ల ఉండె.
వచ్చినంక మల్ల వెదురు కొయ్యలే.
నాకు నేర్పనూ లే."

ఇరవై ఆరేండ్లుగా ఈ గది తాళంచెవి
అతని మొలతాడుకే ఉన్నది.
అడగొద్దనుకుంటనే అడిగిన.
"తాళం నా తాననే ఉండె సారూ.
మూట ఇప్పమని ఎవరు సెప్పలే."

పట్నం నుంచి మ్యూజియం మేడమొచ్చింది.
తెల్ల గ్లౌజులు, కొలిచే టేపు.
పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తింది విల్లును,
తప్పు చెప్పొద్దు.
అద్దాల పెట్టె అన్నది, మందు అన్నది,
తేమ లెక్క అన్నది.
"అద్దంల పురుగు వడ్తది అమ్మా.
పొయ్యి మీద దూలానికి కట్టాలె.
పొగ తాగితెనే వెదురు బతుకుతది."
ఆమె "పొగ" అని రాసుకొని
కింద రెండు గీతలు గీసింది.

పాత అట్టను చింపే అధికారం నాకు లేదు.
దాని పక్కన ఇంకోటి కట్టిన,
నా గుండ్రటి అక్షరాలతో:
"పిల్లవాని విల్లు. మొద్దు బాణాలు.
చేసినది బయ్యన్న. ఆడినది గురవయ్య.
చంపినది ఏమీ లేదు."
ముద్ర వెయ్యలే. ఏ ముద్ర వెయ్యాలె?

పెట్టె జీపెక్కేటప్పుడు అడిగిన,
మూడో ఈక అంటించి పంపుదమా అని.
గురవయ్య నవ్విండు,
పంటి సందుల ఆకు ఎర్రగ కనవడేటట్టు.

"అది నెమలీక సారూ.
ఇప్పుడు అడివిల ఏరితే
నా మీద కేసయితది."